‘ఆల్‌దో’ పక్కన ‘బట్’ ఎందుకు నిలవదు?

ప్రశ్న: నా వయసు 31. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. డిగ్రీ, డీఎడ్ పూర్తయ్యాయి. ఇప్పుడు టెట్‌కు చదువుతున్నాను. ఇంగ్లీషులో కంజంక్షన్లు (వాక్యాలను కలిపే మాటలు), ఇంటర్జెక్షన్ల (‘అయ్యో’ లాంటి కేకలు) దగ్గరే ఆగిపోతున్నాను. పట్టికలు బట్టీ పట్టినా, బిట్లు చేస్తే సగం తప్పులు వస్తున్నాయి. ‘ఆల్‌దో’ ఉన్న వాక్యంలో ‘బట్’ రాయకూడదంటారు, ఎందుకో ఎవరూ చెప్పరు. ‘అలాస్’, ‘హుర్రా’ అని నిజంగా ఎవరైనా అంటారా? ఐదో తరగతి చదివే మా అమ్మాయి అడిగితే జవాబు చెప్పలేకపోయాను. నేను సొంతంగా రాసిన ఐదు వాక్యాలు పంపుతున్నాను. తప్పు ఎక్కడ వస్తోందో చెప్పండి. - ఒక సోదరి

సమాధానం: అమ్మా, మీ ఐదు వాక్యాలూ రెండు మూడు సార్లు చదివాను. ఐదింటిలోనూ తప్పుంది. అయితే ఆ ఐదు తప్పులూ ఒకే చోటి నుంచి వచ్చాయి. మీకు ఇంగ్లీషు మాటలు తెలియక కాదు. ఒక్క అక్షరదోషం కూడా లేదు. రెండు వాక్యాలను కలిపే పనిని తెలుగు ఒక చోట చేస్తుంది, ఇంగ్లీషు మరో చోట చేస్తుంది. ఆ సంగతి చెప్పకుండా మీ చేతికి పట్టిక ఇచ్చి బట్టీ పట్టమన్నారు. చాలా ఏళ్ళు తరగతి గదిలో ఇంగ్లీషు చెప్పినవాడిగా నాకు బాధ కలిగించే విషయం ఇదే. పట్టికలో మాటలుంటాయి, మాటలు చేసే పని ఉండదు.

తెలుగులో అతుకు ఎక్కడుంటుందో ముందు చూడండి. వెళ్ళి, వెళ్తూ, వెళ్తే, వెళ్ళినా. నాలుగింటిలోనూ క్రియ ఒక్కటే. చివర మారింది, దానితో తరువాతి వాక్యంతో ఉన్న సంబంధమూ మారింది. ఇవి మీకు కొత్త కావు. పదో తరగతి తెలుగు వ్యాకరణంలో వీటి పేర్లు మీరు రాసే ఉంటారు: క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం. సంక్లిష్ట వాక్యం రాయమంటే వీటితోనే రాశారు. అంటే కంజంక్షన్ చేసే పని మీకు పదిహేనేళ్ళ క్రితమే వచ్చు. ఇంగ్లీషు క్రియకు చివర మార్చుకుని ఇలా అతుక్కునే శక్తి చాలా తక్కువ. అందుకని అది విడిగా ఒక మాటను తెచ్చి వాక్యం ముందు నిలబెడుతుంది. ఆ నిలబెట్టిన మాటే కంజంక్షన్.

ఇప్పుడు మీ మొదటి వాక్యం: ‘ఆల్‌దో ఇట్ వజ్ రెయినింగ్, బట్ ఐ వెంట్ టు ద కోచింగ్ సెంటర్.’ దీన్ని తెలుగులో చెప్పండి. ‘వాన పడుతున్నా కోచింగ్‌కు వెళ్ళాను.’ ‘పడుతున్నా’లోని ఆ చివరి దీర్ఘమే ఆల్‌దో. మన వ్యాకరణంలో అప్యర్థకం. ‘అపి’ అంటే సంస్కృతంలో ‘అయినా, కూడా’ అని. ఆ దీర్ఘం పలికాక తెలుగులో మాత్రం ‘కానీ’ అవసరమా? అవసరం లేదు. కాకపోతే మాటల్లో మనం ‘వాన పడుతున్నా కానీ వెళ్ళాను’ అంటాం, ‘అయినప్పటికీ కూడా’ అంటాం. ఒక అతుకు వేసిన చోట బలానికి ఇంకో అతుకు వేయడం మన చెవికి అలవాటు. సంస్కృతంలో ‘యద్యపి’ అంటే వెనకే ‘తథాపి’ వస్తుంది. హిందీలో ‘హాలాంకి’ అంటే ‘లేకిన్’ వస్తుంది. ఇంగ్లీషు మాత్రం ఒక చోట ఒక కంజంక్షనే ఉంచుతుంది. ఆల్‌దో ఉంచితే బట్ తీసేయాలి, బట్ ఉంచితే ఆల్‌దో తీసేయాలి. రెండు విధాలా అర్థం ఒక్కటే. బిట్లలో ‘ఆల్‌దో’కు జోడీగా ‘యెట్’ కనిపిస్తే మాత్రం తప్పనుకోకండి. అక్కడ యెట్ అతికే పని చేయదు, ‘అయినా సరే’ అని బలం చేకూర్చే క్రియావిశేషణంగా ఉంటుంది.

ఇదే దీర్ఘంలో ఇంకో సూక్ష్మం ఉంది, దాన్ని దాటి వెళ్ళలేను. ‘వాన పడినా వెళ్ళాను’, ‘వాన పడినా వెళ్తాను’. మొదటి దానిలో వాన పడింది. రెండో దానిలో ఇంకా పడలేదు, పడవచ్చు, పడకపోవచ్చు. తెలుగుకు రెండింటికీ ఒకే ‘పడినా’ చాలు, తేడాను చివరి క్రియ చెబుతుంది. ఇంగ్లీషుకు ముందే తేల్చి చెప్పాలి. జరిగినదైతే ఆల్‌దో, జరగవచ్చు అనుకుంటే ‘ఈవెన్ ఇఫ్’. చేదర్థకమూ అంతే. ‘నాన్న వస్తే అడుగుతాను’ అంటుంది మీ అమ్మాయి. నాన్న రోజూ సాయంత్రం ఆరింటికి వచ్చేవారైతే అది ‘వెన్’. వస్తారో రారో తెలియకపోతే ‘ఇఫ్’. తెలుగులో ‘వస్తే’ అని రెండింటికీ సరిపెట్టుకుంటాం. ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు ఒక్క క్షణం ఆగి, ఇది జరిగేదేనా, సందేహమా అని అడగాలి. మరో మంచి సంగతి: ‘వస్తే’లో భవిష్యత్తును చెప్పే ప్రత్యయం ఏదీ లేదు. ఇఫ్ తరువాత కూడా ‘విల్’ రాదు. ‘ఇఫ్ హి కమ్స్’ అనాలి, ‘ఇఫ్ హి విల్ కమ్’ అనకూడదు. ఇక్కడ మీ తెలుగే మీకు తోడు.

నాలుగో వాక్యాన్ని ఇక్కడే చూద్దాం. ‘బికాజ్ ద బస్ వజ్ లేట్, సో ఐ వజ్ లేట్.’ ఇది ఎలా వచ్చిందో నాకు వినిపిస్తూనే ఉంది. ‘నేను ఆలస్యంగా వచ్చాను, ఎందుకంటే బస్సు లేటయింది కాబట్టి’ అంటాం కదా. ‘ఎందుకంటే’ వచ్చాక ‘కాబట్టి’ అక్కర్లేదు, కానీ నోటికి వచ్చేస్తుంది. ఇంగ్లీషులో బికాజ్ కారణాన్ని పట్టుకుంటుంది, సో ఫలితాన్ని పట్టుకుంటుంది. ఒకరు పట్టుకుంటే చాలు.

కంజంక్షన్ అనే పేరు గురించి ఒక్క మాట. లాటిన్‌లో ‘యుంగెరె’ అంటే కలపడం. సంస్కృతంలోని ‘యుజ్’ ధాతువు దానికి తోబుట్టువు. మనం వాడే యోగం, సంయోగం, సంయోజకం అన్నీ ఆ ధాతువు నుంచి వచ్చినవే. సంస్కృతంలో ‘యుగం’ అనే మాటకు కాడి అనే అర్థం కూడా ఉంది. ఇంగ్లీషులో కాడిని ‘యోక్’ అంటారు, అదీ ఈ కుటుంబంలోదే. పిల్లలకు చెప్పడానికి ఆ కాడినే వాడండి. అండ్, బట్, ఆర్, సో వంటివి కాడి లాంటివి. అటొక ఎద్దు, ఇటొక ఎద్దు. రెండూ సమానం, దేన్ని విప్పినా అది తన కాళ్ళ మీద నడుస్తుంది. ‘వాన పడింది, కానీ నేను వెళ్ళాను.’ రెండు ముక్కలూ విడిగా నిలుస్తాయి. మన వ్యాకరణంలో ఇది సంయుక్త వాక్యం. ఆల్‌దో, బికాజ్, ఇఫ్, అన్‌లెస్, వైల్ వంటివి ఎద్దు వెనక బండిని కట్టే తాడు లాంటివి. బండి తనంతట తాను కదలదు. ‘ఆల్‌దో ఇట్ వజ్ రెయినింగ్’ అని చుక్క పెట్టేస్తే ఎద్దు లేని బండిని రోడ్డు మీద వదిలేసినట్టు. కామా సంగతీ దీనితోనే తేలుతుంది. బండి ముక్క వాక్యం మొదట వస్తే దాని తరువాత కామా పెట్టాలి. ఎద్దు ముందుండి బండి వెనకొస్తే మామూలుగా కామా అక్కర్లేదు.

‘హవెవర్’, ‘దేర్‌ఫోర్’ అతికే మాటల్లాగే కనిపిస్తాయి కానీ, వాటికి రెండు వాక్యాలను కట్టే బలం లేదు. అవి క్రియావిశేషణాలు. వాటి ముందు ఫుల్‌స్టాపో సెమీకోలనో ఉండాలి. బట్ వాడిన ప్రతిచోటా కామాలతో హవెవర్ పెట్టేసే అలవాటుంటే మానండి.

రెండో వాక్యానికి వద్దాం. ‘ఐ వెంట్ అండ్ సాట్ అండ్ రోట్ ద టెస్ట్ అండ్ కేమ్ హోమ్.’ తెలుగులో మీ మనసులో ఉన్నది ఇది: ‘వెళ్ళి, కూర్చుని, పరీక్ష రాసి, ఇంటికి వచ్చాను.’ మూడు క్త్వార్థకాలు. మీరు ఒక్కో ‘ఇ’కారానికి ఒక్కో అండ్ ఇచ్చారు. మీ లెక్క అబద్ధం కాదు, కానీ ఇంగ్లీషు ఆ పనిని చాలా వరకు కామాలకు అప్పగించి, చివరి దాని ముందు మాత్రమే అండ్ ఉంచుతుంది. ‘ఐ వెంట్ దేర్, సాట్ డౌన్, రోట్ ద టెస్ట్ అండ్ కేమ్ హోమ్.’ అంతే.

అండ్‌కు తెలుగు ఏమిటని అడిగితే మనవాళ్ళు వెంటనే ‘మరియు’ అంటారు. మాట పాతదే, తప్పు మాట కాదు. అయినా రెండు పేర్ల మధ్య దాన్ని నిలబెట్టడం ఇంగ్లీషు చూసి పట్టుకున్న అలవాటు. మన అండ్ పదం చివరి దీర్ఘంలో ఉంది. అమ్మా నాన్నా, రాత్రీ పగలూ, చెట్టూ చేమా, ఊరూ వాడా. ఈ దీర్ఘం పదానికొకటి చొప్పున రెండుసార్లు వస్తుంది, అండ్ మధ్యలో ఒక్కసారే వస్తుంది. మీ అమ్మాయికి ఈ ఒక్క తేడా చూపించండి, రెండు భాషలూ ఒకేసారి అర్థమవుతాయి. అన్నట్టు, అండ్‌తోనో బట్‌తోనో వాక్యం మొదలుపెట్టకూడదని బడిలో చెబుతారు. అది నియమం కాదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు మొదటి అధ్యాయంలో వచనం వెంట వచనం అండ్‌తోనే మొదలవుతుంది. చిన్న పిల్లలు ప్రతి వాక్యాన్నీ అలా మొదలుపెట్టకుండా ఉండడానికి చెప్పిన మాట అది.

మూడో వాక్యం మీ ఐదింటిలో నాకు బాగా నచ్చింది, ఎందుకంటే ఇందులో తెలుగు నిలువునా కనిపిస్తోంది. ‘మై డాటర్ ఆస్క్‌డ్ మీ దట్ వై ఆర్ యు లేట్.’ ‘ఎందుకు ఆలస్యమైంది అని మా అమ్మాయి అడిగింది.’ మన ‘అని’ ఎంత పెద్ద మనసున్న మాటో చూడండి. అడిగినా అని, చెప్పినా అని, అనుకున్నా అని, భయపడినా అని. ఎదుటివారి మాటను ఉన్నదున్నట్టు ఎత్తి తెచ్చి వాక్యంలో కూర్చోబెడుతుంది. మీరు దానికి ‘దట్’ రాశారు. చెప్పిన మాటకైతే అది సరిపోతుంది. అడిగిన మాటకు సరిపోదు. వై, వేర్, హౌ వంటి ప్రశ్నపదం ఉంటే అదే అతుకు పని చేస్తుంది, దట్ అక్కర్లేదు. ప్రశ్నపదం లేకుండా ‘వస్తావా అని అడిగింది’ వంటి దానికి ఇఫ్ గానీ వెదర్ గానీ వాడాలి. మరొకటి: లోపలికి వచ్చిన ప్రశ్న తన ప్రశ్న రూపాన్ని బయటే వదిలి రావాలి. కాబట్టి, ‘మై డాటర్ ఆస్క్‌డ్ మీ వై ఐ వజ్ లేట్.’ ఆర్ యు అన్నది ఐ వజ్ అయింది, వరుసా మారింది, కాలమూ మారింది, మనిషీ మారింది. తెలుగులో ఇవేవీ మారకపోయినా ‘అని’ అంతా మోస్తుంది. ఇంగ్లీషులో అంత బరువు మోసే మాట లేదు.

ఇప్పుడు బిట్లలో ఎక్కువ మందిని పడగొట్టే అన్‌లెస్. ‘చదవకపోతే పాసవ్వను.’ ఆ ‘కపోతే’ మొత్తం అన్‌లెస్‌లో ఉంది. లేదు అనే అర్థం ఆ మాట కడుపులోనే ఉంది కనుక ఆ ముక్కలో మళ్ళీ నాట్ వేయకూడదు. వేస్తే ‘చదవకపోకపోతే’ అన్నట్టవుతుంది. లెస్ట్ (‘అలా జరగకుండా’) కూడా లేదును లోపల దాచుకున్నదే, దాని వెంట షుడ్ వస్తుంది, నాట్ రాదు. అంటిల్ దగ్గర మాత్రం మీకు తెలుగు సాయం చేస్తుంది. ‘నేను వచ్చేదాకా ఇక్కడే ఉండు’ అంటాం, అందులో లేదు అన్న మాట లేదు, అంటిల్ ముక్కలోనూ ఉండదు.

జంటల మాటలు తొందరగా చెప్పేస్తాను. ‘కాఫీ గానీ టీ గానీ తాగను’ అన్నప్పుడు మన కాదు అంతా క్రియలో ఉంది. ‘నైదర్, నార్’ జంటలో ఆ కాదు అతికే మాటల్లోకి వచ్చేసింది, కనుక క్రియ మామూలుగా ఉంటుంది: ‘ఐ డ్రింక్ నైదర్ కాఫీ నార్ టీ.’ ఈ జంట కర్త స్థానంలో ఉంటే క్రియ దగ్గరగా ఉన్న నామవాచకాన్ని అనుసరిస్తుంది. ‘నో సూనర్’కు జోడీ ‘దాన్’, ‘హార్డ్‌లీ’కి జోడీ ‘వెన్’. దీన్నీ బట్టీ పట్టనక్కర్లేదు. సూనర్ అంటే ‘అంతకంటే ముందు’, ‘కంటే’ ఉన్న చోట ఇంగ్లీషులో దాన్ రావాలి. హార్డ్‌లీలో ‘కంటే’ లేదు.

ఏ మాటకూ భాషాభాగం ముద్ర శాశ్వతంగా ఉండదని కూడా గుర్తుంచుకోండి. ‘ఆఫ్టర్ లంచ్’లో ఆఫ్టర్ ప్రిపొజిషన్. ‘ఆఫ్టర్ వి ఏట్ లంచ్’లో అదే మాట కంజంక్షన్, ఎందుకంటే దాని వెనక కర్త, క్రియ ఉన్న పూర్తి ముక్క వచ్చింది. ‘వెల్’ ఒక చోట బావి, ఒక చోట బాగా, వాక్యం మొదట కామాతో వస్తే ‘సరే మరి’ అన్నట్టు ఇంటర్జెక్షన్. బిట్‌లో గీత గీసిన మాటను విడిగా చూడకుండా దాని తరువాత ఏముందో చూడండి.

ఇక మీ అమ్మాయి అడిగిన ప్రశ్న, అలాస్, హుర్రా. మనకు భాషాభాగాలు నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అని ఐదు. ఇంగ్లీషు కంజంక్షన్, ఇంటర్జెక్షన్ రెండూ మన అవ్యయం గదిలోవే. అవ్యయం అంటే వ్యయం కానిది, లింగ, వచన, విభక్తులను బట్టి మారనిది. అండ్‌కు బహువచనం లేదు, అలాస్‌కు భూతకాలం లేదు. మరి అరుపులకు, నిట్టూర్పులకు ఇంగ్లీషులో ప్రత్యేకంగా ఒక భాగం ఎలా వచ్చింది? పాత గ్రీకు వ్యాకర్తల ఎనిమిది భాగాల జాబితాలో ఇంటర్జెక్షన్ లేదు, ఆర్టికల్ (ఇంగ్లీషులో ఎ, ఆన్, ద లాంటి మాట) ఉంది. ఆ పద్ధతిని లాటిన్‌కు తెచ్చుకున్నప్పుడు ఒక చిక్కు వచ్చింది. తెలుగులాగే లాటిన్‌లోనూ ఆర్టికల్ లేదు. ఎనిమిది అనే లెక్క తగ్గకుండా ఇంటర్జెక్షన్‌ను విడిగా కూర్చోబెట్టారు. ఆ పేరుకు అర్థం ‘మధ్యలో విసిరింది’ అని. వాక్యంతో దానికి అతుకు లేదు. తీసేసినా వాక్యం చెక్కుచెదరదు. కంజంక్షన్‌కు సరిగ్గా ఎదురు స్వభావం ఇది. పక్కపక్కన పెట్టి చెబితే పిల్లలకు రెండూ ఒకేసారి పట్టుబడతాయి.

అలాస్ పాత ఫ్రెంచి మాట. అందులోని ‘లాస్’ అంటే అలసిపోయిన అని. మన పద్యనాటకాల్లో ‘అకటా’ ఎలాంటిదో ఇంగ్లీషులో అలాస్ అలాంటిది. పర్సు పోగొట్టుకున్నవారు బస్టాండులో అకటా అనరు, అయ్యో అంటారు. ఇంగ్లీషువారూ అలాస్ అనరు, ‘ఓ నో’ అంటారు. కనుక మీ అమ్మాయికి ఇలా చెప్పండి: అలాస్ చదివినప్పుడు అర్థం చేసుకోవాలి, మాట్లాడేటప్పుడు వాడనక్కర్లేదు. దెబ్బ తగిలితే మనం అమ్మా అంటాం, వాళ్ళు ‘అవుచ్’ అంటారు. గండం గడిస్తే మనం హమ్మయ్య అంటాం, వాళ్ళు ‘ఫ్యూ’ అంటారు. అమ్మో, అబ్బో, అయ్యో. మన భయంలో, ఆశ్చర్యంలో, జాలిలో అమ్మా అబ్బా అయ్యా వినిపిస్తారు. ఇంగ్లీషులో ఆ చుట్టరికం లేదు, అందుకే మాటకు మాట అనువదించలేం. అయినా ‘అయ్యో’ అన్న కేక సింగపూరు, మలేషియా ప్రాంతాల ఇంగ్లీషులో ఎంతగా కలిసిపోయిందంటే, 2016లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు దానికి చోటిచ్చింది. మీ అమ్మాయికి ఇది తప్పకుండా చెప్పండి. మన వ్యాకరణమూ ఈ కేకలను పట్టించుకోకుండా వదలలేదు. ఔర ఔర కలిసి ఔరౌర, ఆహా ఆహా కలిసి ఆహాహా అవుతుందని ఆమ్రేడిత సంధిలో మీరు చదివినవే.

పరీక్షకు కావలసింది కొంచెమే. భావం బలంగా ఉంటే ఇంటర్జెక్షన్ తరువాత ఆశ్చర్యార్థకం, తరువాతి మాట పెద్ద అక్షరంతో మొదలవుతుంది. మామూలుగా ఉంటే కామా చాలు. ‘వాట్ ఎ’ తరువాత నామవాచకం ఉండాలి: ‘వాట్ ఎ టాల్ ట్రీ!’ ‘హౌ’ తరువాత విశేషణం: ‘హౌ టాల్ ద ట్రీ ఈజ్!’ ఇక్కడ ‘ఈజ్’ను ముందుకు తెచ్చి ‘హౌ టాల్ ఈజ్ ద ట్రీ’ అంటే చెట్టు ఎత్తెంత అని అడిగినట్టవుతుంది. ‘ఎంత ఎత్తుందో!’కూ ‘ఎంత ఎత్తుంది?’కీ మనం ఒక్క ‘ఓ’తో చూపే తేడాను వాళ్ళు మాటల వరుసతో చూపుతారు. పరోక్ష కథనంలోకి మార్చమంటే కేక పోయి, దానిలోని భావం పేరు వస్తుంది. ‘హుర్రా! అవర్ బస్ హ్యాజ్ కమ్’ అని పిల్లలు అరిస్తే, ‘ద చిల్డ్రన్ ఎక్స్‌క్లెయిమ్‌డ్ విత్ జాయ్ దట్ దెయిర్ బస్ హ్యాడ్ కమ్.’ విసిరిన మాట మాయమైన చోట దట్ అనే అతుకు ఎలా వచ్చి నిలిచిందో చూడండి. టెట్ మొదటి పేపరులో ఇంగ్లీషుకున్న 30 మార్కుల్లో ఇవి తేలిగ్గా వచ్చే మార్కులు. దరఖాస్తుల్లో, ఆఫీసు ఉత్తరాల్లో మాత్రం ఇంటర్జెక్షన్లు వద్దు.

రేపటి నుంచి పట్టిక పక్కన పెట్టండి. రోజూ రాత్రి ఆ రోజు జరిగింది తెలుగులో నాలుగు వాక్యాలు రాయండి. క్రియల చివరలు, దీర్ఘాలు, ‘అని’లు ఎక్కడున్నాయో ఎర్ర పెన్నుతో గీత గీయండి. ఆ తరువాతే ఇంగ్లీషులో రాయండి. ఒక్కో ఎర్ర గీతకు ఇంగ్లీషు మాట కావాలా, కామా చాలా అని చూసుకోండి. మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి, గీతలు తనే గీస్తుంది.

మీ ఐదో వాక్యం, ‘అన్‌లెస్ ఐ డు నాట్ రీడ్ డైలీ, ఐ విల్ నాట్ గెట్ ద జాబ్’. దాన్ని నేను దిద్దలేదు. అందులో నాట్ రెండుసార్లు ఉంది, ఒకటి పోవాలి. ఏది పోవాలో మీరే కొట్టేసి పంపండి.